కత్తిని చేత్తో రుద్ది మెరుగు పెట్టడం ఎలా?

కత్తి మెరవలేదంటే చాలామంది ఇంకా నున్నటి గరుకు పేపరు కొనుక్కొస్తారు. పేపరు నంబరు పెరిగేకొద్దీ నున్నన. 1000తో రాకపోతే 2000, దాంతోనూ రాకపోతే ఇత్తడి సామాను తోమే బ్రాసో డబ్బా. మెరుపు వస్తుంది, నిజమే. దాంతోపాటు ఆ మెరుపు అడుగున దువ్వెనతో గీసినట్టు అడ్డగీతలూ తేలతాయి. అవి 2000 పేపరు పెట్టిన గీతలు కావు, మొదట పట్టుకున్న 120 పేపరువి. వాటిని అక్కడ చెరపకుండా ముందుకు పోయారు కాబట్టి చివరిదాకా వెంటపడి వచ్చాయి.

ఇక్కడ చెప్పేదంతా చేతిపనే. మోటారు లేదు, బఫింగ్ చక్రం లేదు. కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో కొట్టించుకున్న కత్తి కావచ్చు, అటక మీద తుప్పు పట్టిన పాత కత్తి కావచ్చు, కత్తిపీట బ్లేడు కావచ్చు. పద్ధతి ఒకటే. 8 అంగుళాల బ్లేడుకు రెండు పక్కలా కలిపి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, అందులో సగానికి పైగా మొదటి రెండు పేపర్లకే. ఒక్క ఆదివారంలో తేల్చేద్దామనుకుంటే మొదలే పెట్టొద్దు. రెండు ఆదివారాలు పెట్టుకోండి. ఈశాన్య రుతుపవనాలు మన నెల్లూరు, ఒంగోలు వైపు పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో అసలు పెట్టుకోవద్దు. మధ్యాహ్నం భోజనానికి లేచి వచ్చేలోపు బ్లేడు మీద పసుపు పూసినట్టు తుప్పు లేస్తుంది.

కావలసినవి

వాటర్ పేపరు కావాలి. నల్లగా ఉంటుంది, తడిపినా చిరగదు. చెక్కకు రుద్దే గోధుమరంగు కాగితం తడి తగిలితే పిండైపోతుంది, అది వద్దు. 120, 220 మూడేసి షీట్లు, 400, 600 రెండేసి, 1000, 1500, 2000 ఒక్కొక్కటి తీసుకోండి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనైనా ఒంగోలులోనైనా హార్డ్‌వేర్, పెయింట్ల కొట్లలో 600 దాకా దొరుకుతాయి. ఆ పైవి లేవంటే కార్లకు పెయింటు కొట్టేవాళ్లు కొనే కొట్లో అడగండి.

షీటు 9 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడుగు ఉంటుంది. వెనక పక్క గీత గీసి పాత బ్లేడుతో అంగుళం వెడల్పు పట్టీలు కోస్తే తొమ్మిది వస్తాయి. కత్తెర వాడితే కత్తెర మొద్దుబారుతుంది.

పేపరు వెనక నంబరు ముందు పి అనే అక్షరం ఉందో లేదో చూసుకోండి. 220 దాకా రెండూ ఇంచుమించు ఒకటే. ఆ పైన దారులు వేరు. పి లేని 400 ఇంచుమించు పి800 అంత నున్నన, పి లేని 600 ఇంచుమించు పి1200 అంత. ఒక కొట్లో పి ఉన్నవి, ఇంకో కొట్లో లేనివి కొని కలిపి వాడితే వరుస తప్పుతుంది. 600 తర్వాత 800 పట్టామనుకుంటారు, నిజానికి వెనక్కి నడుస్తుంటారు. అన్నీ ఒకే రకం కొనండి. కింద చెప్పే నంబర్లన్నీ పి ఉన్న పేపర్లవి.

ఇక మిగతావి. కత్తి కంటే రెండంగుళాలు పొడుగున్న మందపాటి చెక్క, రెండు సి-క్లాంపులు, నల్ల మార్కరు, స్ప్రే సీసా, వంట సోడా, కుట్టుమిషన్ నూనె, పాత తెల్ల పంచె చింపిన గుడ్డలు. రంగు గుడ్డ మీద రజను కనిపించదు కాబట్టి తెల్లదే కావాలి.

పేపరు కింద దిమ్మె

పేపరును వేలితో నొక్కి రుద్దేవాళ్లే ఎక్కువ. వేలు మెత్తన. పల్లం వచ్చిన చోట అది కూడా పల్లంలోకి దిగుతుంది, గట్టు వచ్చిన చోట గట్టు మీదుగా జారుతుంది. ఎంత రుద్దినా ఎత్తుపల్లాలు అలాగే ఉండి నున్నబడతాయి అంతే. అలాంటి కత్తిలో ట్యూబ్‌లైటు ప్రతిబింబం చూస్తే చెరువులో చంద్రుడిలా వణుకుతుంది. వెన్ను అంచులు, పదును వైపుకు పలచబడే వాలు మొదలయ్యే గీత కూడా గుండ్రబడి సబ్బు బిళ్లలా తయారవుతాయి.

గట్టి దిమ్మె కావాలి. ఇనుప పట్టీ ముక్కతో కూడా పని జరుగుతుంది. ఈ ప్రాంతం వాళ్లకు మాత్రం గ్రానైట్‌ను మించింది లేదు. చీమకుర్తి నుంచి ప్రపంచమంతా పోయే బ్లాక్ గెలాక్సీ రాయి పాలిష్ పట్టాక చదునుగా ఉంటుంది, తడికి ఉబ్బదు, తుప్పు పట్టదు. ఒంగోలు, చీమకుర్తి దారిలో ఏ గ్రానైట్ యూనిట్ దగ్గరైనా వంటగట్లకు కోయగా మిగిలిన ముక్కలు పడి ఉంటాయి. 4 అంగుళాల పొడుగు, అంగుళం వెడల్పు ముక్క కోసి ఇమ్మనండి. పదునుగా ఉన్న అంచులను పాత 120 పేపరుతో కాస్త చంపండి, లేకపోతే పేపరు తెగుతుంది. పాలిష్ ముఖం మీదే పట్టీని బిగించి చుట్టాలి, మెషిను కోసిన గరుకు ముఖం మీద కాదు. మార్కాపురం పలక రాయి కూడా చదునే కదా అంటారేమో. అది పొరలు పొరలుగా లేచే రాయి, అంచు దగ్గర పెచ్చు ఊడి పేపరు కింద చేరితే కత్తి మీద కొత్త చారలు పడతాయి. వద్దు.

బిగించడం, శుభ్రం చేయడం

ముందు పదును చంపండి. సానరాయి మీద అంచును నిటారుగా నిలబెట్టి రెండు మూడు సార్లు లాగితే చాలు. పదునున్న కత్తిని రుద్దడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం. పదును మళ్లీ పెట్టుకోవడం అరగంట పని, వేలికి కుట్లు పడితే పదిరోజులు.

కత్తిని చెక్క మీద పరిచి పిడి వైపు క్లాంపుతో బిగించండి. కొత్త కత్తి అయితే పిడి వేయకముందే ఈ పని చేసుకోవాలి, పిడిలోకి దూరే తోక దగ్గర బిగించవచ్చు. మొన చెక్క దాటి బయటికి రాకూడదు. చెయ్యి జారితే పొడుచుకునేది మొనే. రెండో క్లాంపుతో చెక్కను బల్లకు బిగించండి.

కమ్మరి కత్తి మీద కొలిమి నల్ల పొలుసు ఉంటుంది. అది ఉక్కు కంటే మొండి, పేపరును తినేస్తుంది. వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున ఇనుప పీచుతో తోమి, వంట సోడా నీళ్లతో కడిగితే పోతుంది. పాత కత్తి తుప్పుకు చింతపండు గుజ్జు గంటసేపు పట్టిస్తే చాలు, అది కూడా సోడా నీళ్లతో కడగాల్సిందే. తుప్పు తిన్న గుంటలు గోటికి తగిలేంత లోతుంటే 120తో పోవు. ఆకురాయితో చదును చేయాలి. ఆకురాయి కోయకుండా జారిపోతోందంటే కత్తి బాగా గట్టిపడి ఉందని అర్థం. అలాంటప్పుడు 80 నంబరు పేపరుతో మొదలు పెట్టండి, సమయం రెట్టింపు అనుకోండి.

120తో మొదలు

బ్లేడు మొత్తం మార్కరుతో నల్లగా పూయండి. దిమ్మెకు 120 పట్టీ చుట్టి, స్ప్రే సీసాలో నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, అర చెంచా వంట సోడా కలిపి చల్లుతూ పదిహేనుసార్లు రుద్ది ఆగి చూడండి. నలుపు పోయిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. సుత్తి దెబ్బల పల్లాలన్నీ ఇక్కడ బయటపడతాయి. నలుపు చుక్క కూడా మిగలకుండా పోయేదాకా ఇదే పేపరు.

సోడా ఎందుకంటే మామూలు నీళ్లలో ఉక్కు చూస్తుండగానే తుప్పు పడుతుంది, సోడా కలిస్తే ఆలస్యమవుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడ సోడా మానొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో తాగడానికి తెచ్చుకునే డబ్బా నీళ్లు వాడండి.

రుద్దే దిక్కు ముఖ్యం. 120 పేపరు ఐమూలగా, గీతలన్నీ కుడికి వాలేట్టు నడవాలి. దిమ్మె సగం కంటే ఎక్కువ అంచు దాటి బయటికి పోకూడదు, పోతే ఒరిగి అంచును గుండ్రం చేస్తుంది. ఒక్కో పట్టీ భాగం ఇరవై ముప్పై రుద్దుళ్లకు చచ్చిపోతుంది. కొత్త భాగానికి జరపండి. పేపరు పొదుపు చేద్దామని అదే ముక్కతో అరగంట రుద్దేవాళ్ల గురించి కింద చెప్పాలి.

గీతలన్నీ ఒకే దిక్కుకు, ఒకే లోతులో, పిడి దగ్గర నుంచి మొన దాకా సమంగా కనిపిస్తే 120 పని అయింది.

120 నుంచి 220కి దాటడం

ఇక్కడే కత్తులు చెడిపోతాయి. మిగతా నంబర్ల దగ్గర తొందరపడినా కొంత సర్దుకోవచ్చు. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత చేసే ప్రతి గంట పనీ బూడిదలో పోసిన పన్నీరే.

లెక్క చూడండి. పి120 పేపరు మీది గరుకు రేణువు సగటున 125 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పి220ది 68, ఇంచుమించు తలవెంట్రుక మందం. పి400ది 35. పి1000ది 18, పి2000ది 10. రేణువు పెద్దదైతే అది తవ్వే గాడి కూడా లోతు. 120 తవ్విన గాడిని చెరపాలంటే ఆ గాడి అడుగు దాకా చుట్టూ ఉన్న ఉక్కునంతా తియ్యాలి. ఆ పని 220 ఒక్కో పక్కకు అరగంట, ముప్పావుగంటలో చేస్తుంది. అదే పని 400కు అప్పజెబితే గంటలు పడుతుంది. 1000కి అప్పజెబితే జరిగే పని కాదు. ఏ పేపరు చేయాల్సింది దాని ముందు పేపరు గీతలు చెరపడం ఒక్కటే, మెరిపించడం దాని పని కాదు.

దీంట్లో మోసం ఏమిటంటే, 220 పట్టిన పది నిమిషాలకే కత్తి బాగుపడినట్టు కనిపిస్తుంది. రంగు తేలుతుంది, చేతికి నున్నగా తగులుతుంది. 120 గీతల గట్లు అరిగాయి కాబట్టి అలా అనిపిస్తుంది. గాడుల అడుగులు అక్కడే ఉన్నాయి. తర్వాత చుట్టూ నున్నబడేకొద్దీ మిగిలిన గాడి ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 1000 దగ్గర కొత్తగా గీత పుట్టిందని పేపరును తిట్టుకుంటారు. పుట్టలేదు, ఇప్పుడు కనిపించింది.

అందుకే దిక్కు మార్చాలి. 120 గీతలు కుడికి వాలాయి, 220 ఎడమకు వాలేట్టు రుద్దండి. ఎడమ గీతల మధ్యలో కుడికి వాలిన గీత ఒక్కటి కనపడినా అది పాతదే, సందేహం లేదు. ఒకే దిక్కున రుద్దుకుంటూ పోయేవాళ్లకు ఏది పాతదో ఏది కొత్తదో తెలిసే దారే ఉండదు. అలా రుద్దేది పని కాదు, వ్యాయామం.

చూసే పద్ధతి కూడా ఉంది. ముందు బ్లేడును పొడి గుడ్డతో పూర్తిగా తుడవాలి. నీళ్లు, నూనె గాడుల్లో నిండి వాటిని దాచేస్తాయి. తడి కత్తి ఎప్పుడూ అందంగానే ఉంటుంది. తర్వాత గది చీకటి చేసి ఫోను టార్చిని కత్తికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి, పై నుంచి కాదు. పక్క వెలుతురులో గాడికి నీడ పడుతుంది. కత్తిని నిదానంగా తిప్పండి. ఒక కోణంలో మాయమైన గీత ఇంకో కోణంలో దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో చూసి బాగుందనుకోవద్దు, ఎండ నెత్తిన ఉంటే నీడలుండవు. పొద్దున ఏటవాలు ఎండ మేలు. కంసాలి వాడే పదింతల భూతద్దం ఉంటే ఇంకా మంచిది.

గీతలు దాక్కునే చోట్లు నాలుగు. పిడి దగ్గర వాలు మొదలయ్యే మెట్టు పక్కన మొదటిది. దిమ్మె అక్కడ పూర్తిగా ఆనదు, రుద్దుడు అక్కడే దిక్కు మార్చుకుంటుంది. దిమ్మె మూలకు పేపరు మడిచి ఆ అరంగుళాన్ని విడిగా రుద్దాలి. రెండోది మొన. వంపు తిరిగే చోట చెయ్యి తేలిపోతుంది. మూడోది పదును అంచుకు ఆనుకుని ఉన్న 2 మిల్లీమీటర్లు, అంచును దాటకూడదన్న భయంతో అందరూ వదిలేసే చోటు. నాలుగోది వాలు మధ్యభాగం. 120తో పల్లం పూర్తిగా తీయకపోతే దిమ్మె ఆ పల్లం మీదుగా వంతెన వేసినట్టు పోతుంది, కింద ఏమీ తగలదు. ఈ నాలుగో చోట గీతలు మిగిలాయంటే తప్పు 220ది కాదు. మార్కరు పూసి మళ్లీ 120కి వెళ్లండి. బాధగానే ఉంటుంది. వెళ్లండి.

మిగిలిన గీత దొరికినప్పుడు అందరూ చేసే తప్పు ఇంకొకటుంది. ఆ ఒక్క గీత మీదే వేలితో పేపరు నొక్కి గట్టిగా రుద్దుతారు. గీత పోతుంది, దాని చోట చిన్న గుంట మిగులుతుంది. మెరుగు వచ్చాక ఆ గుంట నూనె మరకలా లైటును విరగ్గొడుతుంది. ఒకటి రెండు గీతలే అయితే కొత్త 220 పట్టీతో, దిమ్మె పెట్టి, ఆ చుట్టుపక్కల రెండంగుళాల మేర సమంగా రుద్దండి. నాలుగైదు మించి ఉంటే మొత్తం ఆ పక్కంతా మళ్లీ.

పట్టీ పొదుపు సంగతి ఇక్కడ చెప్పాలి. చచ్చిన పేపరు కోయదు, రాస్తుంది. మొద్దుబారిన రేణువులు ఉక్కును తియ్యకుండా పై పొరను సాగదీసి గాడుల మీదికి తోస్తాయి. గాడి మూతబడి మెరుస్తుంది. 220తోనే అద్దంలా వచ్చిందే అని సంబరపడతారు. కొత్త 400 పట్టీ తగలగానే ఆ మూత ఊడి కింద గాడి బయటపడుతుంది. 220 దశలో కత్తి మెరవకూడదు, బూడిదరంగులో మందంగా, సమంగా ఉండాలి. మెరుస్తోందంటే పట్టీ మార్చమని అర్థం.

220 అయిపోయిందనుకున్నాక ఇంకో పని. కొత్త 220 పట్టీతోనే దిక్కు తిప్పి, కుడికి వాలేట్టు పది నిమిషాలు రుద్దండి. మళ్లీ ఎడమకు తిప్పండి. ఈ రెండు తిప్పుళ్లలో ఏదీ కనపడకపోతేనే దాటండి. దీన్ని దండగ అనుకునేవాళ్లు 1000 దగ్గర తిరిగి ఇక్కడికే వస్తారు.

దాటేముందు కడగాలి. కత్తి, చెక్క, దిమ్మె, క్లాంపులు, చేతులు, గోళ్ల సందులు అన్నీ. స్ప్రే సీసా మూతి తుడవండి, గుడ్డ మార్చండి. 120 రేణువు ఒక్కటి చెక్క మీద మిగిలి 400 కింద దొర్లితే బ్లేడు పొడుగునా ఒక గాడి, మీ ఆదివారం మళ్లీ మొదటికి. వేసవిలో ఆరుబయట ఇసుక గాలికి కూర్చుని ఈ పని చేసేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

ఇంత కష్టం ఎందుకు, యాంగిల్ గ్రైండరుకు ఫ్లాప్ డిస్కు పెట్టి ఐదు నిమిషాల్లో చేయొచ్చు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. చేయొచ్చు. అంచు దగ్గర ఉక్కు పలచన, వేడి పోవడానికి దారి ఉండదు. గడ్డిరంగు దాటి నీలం తేలిందంటే ఇంచుమించు 300 డిగ్రీలు చూసిందని లెక్క. కత్తికి కమ్మరి పెట్టిన నీరు, అంటే గట్టిదనం, అక్కడితో దిగిపోతుంది. ఆ తర్వాత ఎంత సాన పట్టినా రెండు వంకాయలకు మొద్దుబారుతుంది. వీధిలో సైకిలు తొక్కి చక్రానికి ఆనించే సానవాళ్ల దగ్గర నిప్పురవ్వలు చూసి ముచ్చటపడతాం గానీ నీళ్లు లేకుండా అదే చోట ఆనించి ఉంచితే ఇదే సంగతి. బఫింగ్ చక్రం ఇంకా ప్రమాదం, అంచు తగులుకుంటే కత్తిని లాక్కుని విసిరేస్తుంది. ఇటుకపొడి, బూడిద, కొబ్బరి పీచు అంటారా, గిన్నెలకు మంచివే. ఇటుకపొడిలో ఇసుక రేణువులు ఏ సైజువి పడితే ఆ సైజువి ఉంటాయి. 400 మైదానంలో 100 బండలు దొర్లించినట్టు.

400, 600

ఇవి తేలిక. 400 కుడికి వాలేట్టు, ఒక్కో పక్కకు ఇరవై నిమిషాలు. 600 కత్తి పొడుగునా, పదిహేను నిమిషాలు. ఇక్కడి నుంచి సబ్బు నీళ్లు వదిలి కుట్టుమిషన్ నూనెకు మారండి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే నూనె కూడా నడుస్తుంది. చెయ్యి బరువు తగ్గించండి, దిమ్మె బరువే చాలు. ప్రతి నంబరుకూ కడగడం, పక్క లైటు, దిక్కు మార్పు అవే. ఇన్నిటిలో ఏదీ మానొద్దు.

ఆఖరి లాగుళ్లు

600 దగ్గర ఆగిపోతే కత్తికి పట్టులాంటి మెరుగు ఉంటుంది, గీతలన్నీ పిడి నుంచి మొనకు దారం సాగదీసినట్టు. వంటింట్లో వాడే కత్తికి ఇదే సరైన మెరుగు, ఇంతకు మించి పెట్టకూడదు. అద్దం మెరుగు పెట్టిన కత్తికి ఆలుగడ్డ ముక్కలు అంటుకుపోతాయి, వేలిముద్రలు పడతాయి, మొదటి గీత పడగానే అసహ్యంగా ఉంటుంది.

పట్టు మెరుగుకు ఆఖరి రుద్దుడు ముందుకూ వెనక్కీ కాదు. కొత్త 600 పట్టీ, దిమ్మెకూ పట్టీకీ మధ్య పలచటి తోలు ముక్క, నాలుగు చుక్కల నూనె. పిడి దగ్గర ఆనించి ఒకే లాగుడులో మొన దాటించి గాలిలోకి లేపేయండి. లేపాకే వెనక్కి రావాలి. మధ్యలో ఆగితే, కత్తి మీదే చెయ్యి తిప్పితే, గీత చివర గాలపు ముల్లులా వంకర తిరుగుతుంది. పిడి దగ్గర మెట్టు పక్కన ఇలాంటి ముళ్లు ఎన్ని ఉన్నాయో చూస్తే కత్తి చేసినవాడి ఓపిక ఎంతో తెలుస్తుంది. ఒక్కో పట్టీ భాగానికి ఒక్క లాగుడు, మహా అయితే రెండు. వెన్ను వైపు నుంచి మొదలుపెట్టి అంచు వైపుకు వరసలు కొంచెం ఒకదాని మీద ఒకటి పడేట్టు దిగండి. మొత్తం పన్నెండు పదిహేను లాగుళ్లు ఒక పక్కకు. ఒకటి వంకర పోతే ఆ పక్క మొత్తం మళ్లీ లాగాలి, ఒక్కచోట దిద్దితే అతుకు కనిపిస్తుంది.

అద్దం మెరుగే కావాలంటే

గోడకు తగిలించే కత్తికో, ఎవరికైనా కానుక ఇచ్చేదానికో అయితే సరే. 600 తర్వాత 1000, 1500, 2000, ఒక్కోటి దిక్కు మారుస్తూ, ఒక్కో పక్కకు పది నిమిషాలు. తర్వాత గ్రీన్ రూజ్ అనే పచ్చ మైనపు బిళ్ల. అందులో ఉండేది క్రోమియం ఆక్సైడు, రేణువు అర మైక్రాను అంత. చదునైన చెక్కకు గట్టి తోలు అంటించి, బిళ్లను రాసి, రెండు చుక్కల నూనె వేసి పొడుగునా రుద్దండి. మెత్తటి గుడ్డతో రుద్దితే గీతల అంచులు గుండ్రబడి పొగమంచులాంటి మెరుపు వస్తుంది, అద్దం రాదు. బ్రాసో వాడితే చివరగా సబ్బు నీళ్లతో కడిగేయాలి, అందులో అమ్మోనియా ఉంటుంది.

ఇక్కడ ఐమూల గీత కనపడితే అది ఎక్కడిదో ఇప్పటికి మీకే తెలుసు.

తుడిచి పెట్టడం

సబ్బుతో కడిగి, వెంటనే ఆరబెట్టి, ఐదు నిమిషాలు ఎండలో పెట్టి, నూనె పల్చగా రాయండి. వంటింటి కత్తికి కొబ్బరి నూనె చాలు. సన్‌ఫ్లవర్ నూనె రాస్తే నెలకు జిగురు కట్టి దుమ్ము పడుతుంది. అలంకారపు కత్తికి కుట్టుమిషన్ నూనె. పదును ఆఖరున, మెరుగు అంతా అయ్యాక పెట్టుకోవాలి. ముఖాలకు రెండు పొరల ప్లాస్టరు టేపు అంటించి, అంచు మాత్రం వదిలి సానరాయి పట్టండి, లేకపోతే రాయి జారి ఇన్ని గంటల పని మీద ఒక్క గీత పెడుతుంది.

తోలు ఒరలో ఉంచొద్దు. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, సముద్రం దగ్గర ఊళ్లలో వారం తిరిగేసరికి ఒర ఆకారంలోనే మచ్చ పడుతుంది. నూనె రాసిన కాగితంలో చుట్టి పెట్టండి.

కమాను పట్టీ ఉక్కు స్టెయిన్‌లెస్ కాదు. చేపల పులుసులోకి మామిడికాయ కోస్తే, గూడూరు నిమ్మకాయ కోస్తే పది నిమిషాల్లో నీలంగా, నల్లగా మరక పడుతుంది. అది తుప్పు కాదు, ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది కూడా. దాన్ని పోగొట్టాలని పీచుతో తోమొద్దు. ఎర్రమచ్చ కనపడితే మాత్రం 600 పట్టీ, నాలుగు చుక్కల నూనె, పొడుగునా ఒకే దిక్కుకు లాగుళ్లు.